మర గుంటలో గులాబీ రంగు

కానిస్టేబులు డ్రిల్లింగు మిషను ప్లగ్గు పెట్టి స్విచ్చి మీద వేలు వేశాడో లేదో, డిటెక్టివ్ గదిలోకి వచ్చాడు. గోడ గడియారంలో పది గంటల ఐదు నిమిషాలు.

"ఆపవయ్యా!"

కానిస్టేబులు ఉలిక్కిపడి వేలు తీశాడు. బల్ల అవతల కూర్చున్న ఇన్‌స్పెక్టరు మాత్రం కదల్లేదు.

"రండి గురువుగారూ. ఒక్క మర అడ్డం వచ్చింది. దాన్ని తొలిచేసి, లోపలేముందో చూసి, పన్నెండింటికి పేపరువాళ్లని పిలుద్దామనుకుంటున్నా."

ఈ ఇన్‌స్పెక్టరుకి డిపార్టుమెంటులో ఇరవైనాలుగ్గంటలు అని పేరు. ఏ కేసునైనా రోజు తిరక్కుండా తేల్చి పారేస్తాడు. డిటెక్టివ్‌కీ ఒక పేరుంది కానీ ఎదురుగా ఎవరూ అనరు. నిదానం. ఇద్దరిదీ ఒకే హోదా. అరెస్టయిన మనిషి రాత్రంతా అడిగినా నేరం ఒప్పుకోకపోవడంతో, ఇంకో కన్ను కూడా వేయమని పై అధికారి డిటెక్టివ్‌ని పంపాడు. గడువు మధ్యాహ్నం పన్నెండు వరకే.

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద పెయింట్‌బాల్ మార్కర్ పెట్టారు. చూడ్డానికి పొట్టి తుపాకీ. గాలి ఒత్తిడితో రంగు నింపిన చిన్న బంతుల్ని విసురుతుంది. తగిలితే బంతి చిట్లి రంగు అంటుకుంటుంది, ఆ చోట కాసేపు చురుక్కుమంటుంది, అంతే. సెకనుకి రెండు వందల ఎనభై అడుగుల వేగం దాటకూడదని మైదానంలో నియమం. ఈ మార్కర్ నిన్న నాలుగు వందల ఇరవై కొట్టింది.

ఇన్‌స్పెక్టరు వేళ్లు ముడుస్తూ చెప్పుకుపోయాడు. "ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. ఈ మార్కర్ని ఆ మైదానంలో మెకానిక్కుగా చేసే పిల్ల పరీక్షించి, 276 అని పసుపు కాగితం అంటించింది. పదకొండూ పది. మైదానం ఓనరు, అదే అందరూ కెప్టెన్ అంటారే ఆయన, చెక్క బురుజు నిచ్చెన మీదుండగా బంతి వచ్చి మాస్కు కింద గొంతుకి తగిలింది. వెల్లకిలా పడ్డాడు. తల పగిలింది, ఇంకా స్పృహ లేదు. కొట్టింది సొంత తమ్ముడే, పాపం. అన్న మీద ప్రాణం వాడికి. నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు. పన్నెండున్నరకి నేను అక్కడే వేగం కొలిచా. నాలుగు వందల ఇరవై. అంటే లోపల ఏదో మార్చారు. మార్చడం ఎవరికొచ్చు? ఆ పిల్లకి. అంతకి మూడు రోజుల ముందు, గురువారం, కెప్టెన్ ఆమెని అందరికీ వినపడేలా తిట్టాడట. లోపల మార్చి, ఎవరూ విప్పకుండా మర తల అరగదీసి పెట్టింది. ఇందులో ఇంక నిదానంగా ఆలోచించడానికేముంది?"

చివరి మాటని కాస్త నొక్కి పలికాడు. డిటెక్టివ్ పట్టించుకోలేదు. వంగి మార్కర్ వెనక భాగం చూశాడు. లోపలి భాగాల్ని బిగించి ఉంచే మర అది. అలెన్ కీ దూర్చడానికి దాని తలలో ఆరు పలకల గుంట ఉండాలి. ఇప్పుడు పలకలు లేవు. గుంట గుండ్రంగా అరిగిపోయింది.

"ఇది ఇలా ఉందని నువ్వెప్పుడు చూశావు?"

"పన్నెండూ ముప్పై ఐదుకి, అక్కడే విప్పబోతే. మావాళ్లు కీ కూడా పెట్టలేదు. రిపోర్టులో రాశా. ఐదు నిమిషాల్లో సీలు వేశా. ఆ సీలు పొద్దున మీ ముందే కదా తీసింది."

ఆ విషయంలో ఇన్‌స్పెక్టరుని తప్పుపట్టడానికి లేదు. తొందర మనిషే గాని రాతకోతల్లో పక్కా.

డిటెక్టివ్ తన చేతిలోని సీలు వేసిన నీలంరంగు ఇనప పెట్టెని బల్ల మీద పెట్టాడు. ఆ అమ్మాయి పనిముట్ల పెట్టె అది. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆయన మైదానంలోనే ఉన్నాడు. బురుజు దగ్గర పది నిమిషాలుంటే, ఆమె పనిగదిలో నలభై నిమిషాలున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో అలాంటి గదిని చూడలేదు. గోడకి కొట్టిన చెక్క మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం గీసి ఉంది. అంగుళాల కొలత కీలకి ఎర్ర టేపు, మిల్లీమీటర్ల కీలకి తెల్ల టేపు. నలభై రెండు మార్కర్లకి నలభై రెండు నోటు పుస్తకాలు. ఏ రబ్బరు వాషరు ఏ రోజు మార్చిందో, మార్చాక ఎంత వేగం వచ్చిందో అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఈ మార్కర్ పుస్తకంలో ఆఖరి వరుస: 'ఆదివారం 9:30. తుడిచాను. 276. స్ప్రింగు మంచిది.'

అరిగిపోయిన తల ఉన్న మర ఒక్కటి కూడా ఆ గది మొత్తంలో ఆయనకి కనబడలేదు. రద్దు సామాన్ల డబ్బాలో కూడా.

"ఆ అమ్మాయిని తీసుకురమ్మను," అన్నాడు.

* * *

ఆమెకి ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. నిన్న వేసుకున్న బట్టలే ఒంటి మీద ఉన్నాయి. కుడి చేతి చొక్కా మణికట్టు దగ్గర నల్లగా గట్టిపడింది. అది రంగు కాదని డిటెక్టివ్‌కి చూడగానే తెలిసింది. రాత్రంతా నిద్రలేని కళ్లు. అయినా గదిలోకి వస్తూనే ఆ కళ్లు ముందు మార్కర్ని, తర్వాత డ్రిల్లుని చూశాయి.

"సార్, దాని మీద డ్రిల్లు పెట్టారా?"

"ఇంకా లేదమ్మా. కూర్చో."

"ఖాళీ చేశారా దాన్ని?"

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "గాలి సిలిండరు నిన్ననే విప్పేశాం. మాకూ తెలుసులే."

"సిలిండరు విప్పినా లోపల ఒక దెబ్బకి సరిపడా గాలి మిగులుతుంది సార్. వేగం కొలిచాక అది మళ్లీ తనంతట తనే ఎక్కుపెట్టుకుని ఉంటుంది. వెనక మర తొలుస్తుంటే స్ప్రింగు తన్నిందంటే ఆ బిట్టు ఎటు పోతుందో..." అని డ్రిల్లు పట్టుకున్న కానిస్టేబులు ముఖం వైపు చూసి ఆగిపోయింది. "ముందు ఇసక బకెట్టులోకి పెట్టి ట్రిగ్గరు నొక్కండి."

డిటెక్టివ్ మూలనున్న ఇసక బకెట్టు తెప్పించి, గొట్టం అందులోకి గురిపెట్టి నొక్కాడు.

'ఫట్' మన్న చప్పుడుకి కిటికీ అద్దం అదిరింది. ఇసక లేచి ఇన్‌స్పెక్టరు బూట్ల మీద పడింది. కానిస్టేబులు మెల్లగా డ్రిల్లు కింద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

"మళ్లీ నొక్కండి. చప్పుడు రాకపోతే ఖాళీ."

ఈసారి చప్పుడు రాలేదు.

"అమ్మా, సూటిగా అడుగుతాను," అన్నాడు డిటెక్టివ్. "మర గుంట నువ్వు అరగదీశావా?"

ఆమెకి కోపం వచ్చింది. దొంగతనం అంటగట్టినా అంత కోపం వచ్చేది కాదేమో. "నేనా? పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నా సార్. ఒక్క మర అరిగినట్టు నా పుస్తకాల్లో చూపించండి."

"కెప్టెన్ నిన్ను తిట్టాడట కదా, గురువారం."

"తిట్టారు. నన్ను కాదు."

"మరెవర్ని?"

ఆమె మార్కర్ వైపు తిరిగి చూసింది.

"గదిలో ఇంకెవరున్నారు?"

"అది నేను చెప్పకూడదు సార్. కెప్టెన్ గారు మాట తీసుకున్నారు. ఆయన లేచాక ఆయన్నే అడగండి."

"లేవకపోతే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేస్తారు. ఆయన నాకు పని నేర్పలేదు సార్, నన్ను పని చేయనిచ్చారు. ఎక్కడికెళ్లినా ఆడపిల్ల చేతికి స్పానరు ఎవరిస్తారన్నవాళ్లే. ఈయన ఒక్కరే, గది తాళం నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "డ్రిల్లు పెడితే మర తల తునకలైపోతుంది. ఎవరు ఏ కీతో తిప్పారో ఆ ఆనవాళ్లు దాంతోనే పోతాయి. ఆనవాళ్లు చెదరకుండా దాన్ని తీయగలిగే మనిషి ఈ ఊళ్లో నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు."

"నిందితురాలి చేతికి సాక్ష్యం ఇస్తారా! కోర్టులో మొదటి ప్రశ్నకే పోతుంది కేసు."

"ఆమె చేతులు కట్టుకుని అక్కడే, ఆ కుర్చీలోనే ఉంటుంది. నోటితో చెప్తుంది. చేతులు నావి. మొదట్నుంచి చివరిదాకా వీడియో తీయండి."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "మీ చేతులా గురువుగారూ? పోయినేడు స్టేషన్ కుళాయి బాగుచేస్తానని మూడు రోజులు మాకు నీళ్లు లేకుండా చేశారు!"

మూలనున్న మహిళా కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక ఫోను అడ్డం పెట్టుకుంది. డిటెక్టివ్ కూడా నవ్వేశాడు. అబద్ధమైతే కోప్పడేవాడేమో.

"గంట టైమివ్వు. రాకపోతే నీ డ్రిల్లు నేనే పట్టుకుంటా."

"పదకొండూ ఇరవై," అన్నాడు ఇన్‌స్పెక్టరు చేతి గడియారం చూసుకుని. "ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఇవ్వను."

* * *

"ముందు లైటు వేసి గుంటలోకి చూడండి సార్," అంది ఆమె, మెళ్లోని పెట్టె తాళంచెవి తీసిస్తూ. "భూతద్దం పెట్టె పైఅరలో ఎడమవైపు ఉంటుంది."

ఉంది. డిటెక్టివ్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, భూతద్దం ఆనించి చూశాడు.

"ఏం కనపడుతోంది?"

"గులాబీ రంగు. ఎండిపోయింది."

"పగిలిన బంతి రంగు అయ్యుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే..." అంటూనే ఆమె ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. "కానీ నేను పొద్దున తుడిచాను కదా."

"ఆగు. తుడవొద్దు." డిటెక్టివ్ గొంతు మారింది. "గుంట అడుగున రంగు ఉంది. ఆ రంగు మీద సన్నటి ఉక్కు పొట్టు అంటుకుని ఉంది. పొట్టు పైన రంగు లేదు. నువ్వూ చూడవయ్యా."

ఇన్‌స్పెక్టరు లేచి వచ్చి చూశాడు. "అయితే ఏంటి?"

"గులాబీ రంగు ఎవరి జట్టుది?"

"కెప్టెన్ జట్టుది. తమ్ముడి జట్టుది పసుపు."

"తమ్ముడి వాంగ్మూలం నువ్వే రాసుకున్నావు. రెండో పేజీ చదువు."

ఇన్‌స్పెక్టరు ఫైలు తిప్పాడు. "'ఇద్దరం ఒకేసారి కొట్టుకున్నాం సార్. అన్న బంతి నా మార్కర్ వెనక, చేతి దగ్గర పగిలింది. నా బంతి...' ఆ తర్వాత ఏడుపే." చదువుతున్నవాడు మధ్యలో ఆగి, తలెత్తాడు.

"రెఫరీ కూడా అదే చెప్పాడు. ఆటలో ఈ మార్కర్‌కి తగిలింది ఆ ఒక్క బంతే. అంటే ఈ గుంటలోకి రంగు పోయింది సరిగ్గా పదకొండూ పదికి. కెప్టెన్ గొంతుకి దెబ్బ తగిలిన క్షణంలోనే. కీ తిరిగి, గుంట అరిగి, పొట్టు రాలింది ఆ రంగు మీద. అంటే దెబ్బ తగిలిన తర్వాత. నువ్వు చూసిన పన్నెండూ ముప్పై ఐదుకి ముందు." డిటెక్టివ్ ఆమె వైపు తిరిగాడు. "ఆ గంటా పాతిక నిమిషాలు నువ్వెక్కడున్నావమ్మా?"

"పడ్డప్పట్నుంచి ఆయన పక్కనే, తర్వాత అంబులెన్సులో. ఆయన మెడ కదలకుండా పట్టుకోమన్నారు. పట్టుకున్నా." ఆమె తన చొక్కా చేతి వైపు చూసుకుంది. "ఆస్పత్రిలో లోపలికి తీసుకెళ్లేదాకా వదల్లేదు. తర్వాత బయట బెంచీ మీద కూర్చున్నా. రెండింటికి మీవాళ్లొచ్చి తీసుకొచ్చేశారు."

"అంబులెన్సు బయల్దేరింది పదకొండూ పద్దెనిమిది. ఆస్పత్రి రిజిస్టరులో పదకొండూ ముప్పై ఆరు. తెచ్చినవారి సంతకం ఈమెదే. నేను ఫోన్లో కనుక్కున్నా," అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. కాని అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "మర అరగదీసింది ఈమె కాకపోవచ్చు. లోపల స్ప్రింగు మార్చింది ఈమె కాదని ఎలా తెలుసు? అసలు లోపల మార్చారో లేదో కూడా తెలియదు."

"అందుకే విప్పుదాం," అన్నాడు డిటెక్టివ్.

పది గంటల నలభై నిమిషాలు. ముందు గుంటలోని రంగునీ పొట్టునీ దగ్గరగా ఫొటోలు తీశారు. మార్కర్‌కి గుడ్డ చుట్టి, చెక్క బిగింపులో పెట్టారు. మొదట ఎర్ర టేపు కీల్లోంచి సరైన కొలత తీయించింది ఆమె. గుంటకీ కీకీ మధ్య వెడల్పాటి రబ్బరు బ్యాండు ముక్క పెట్టించింది. అరిగిన సందుల్ని రబ్బరు నింపి, ఒక్కోసారి పట్టు దొరుకుతుందట. డిటెక్టివ్ తిప్పాడు. కీ జర్రున జారింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ జారింది.

"చాలు సార్. రెండుసార్లు జారితే మూడోసారి తిప్పకూడదు. పట్టుదల మర మీద చూపించకూడదు, దానికే నష్టం."

డిటెక్టివ్‌కి స్టేషన్ కుళాయి గుర్తొచ్చింది. అక్కడ పన్నెండుసార్లు తిప్పాడు.

"ఇప్పుడు నక్షత్రం ఆకారం మొన ఉన్న బిట్లు చూడండి. గుంట కంటే వెంట్రుకవాసి పెద్దది కావాలి. ఊరికే దూరేది పనికిరాదు. దూరనని మొండికేసేది కావాలి."

మూడోది మొండికేసింది. దాన్ని గుంట మీద నిలబెట్టి, చిన్న సుత్తితో కొట్టమంది. "గట్టిగా కాదు. తలుపు తట్టినట్టు. లోపల నిద్రపోతున్నవాళ్లు లేవాలి, భయపడకూడదు." ఐదు దెబ్బలకి నక్షత్రం కోరలు ఉక్కులో దిగబడ్డాయి.

తిప్పితే మర కదల్లేదు. డిటెక్టివ్ నుదుటి మీద చెమట పట్టింది. పదకొండు కొట్టింది.

"ఒంటి బరువంతా కిందికి వెయ్యండి. తిప్పడానికి వాడే బలం కంటే నొక్కడానికి వాడే బలం ఎక్కువుండాలి. ముందు బిగించే వైపు కాస్త తిప్పండి."

"బిగించే వైపా?"

"అవును సార్. ఇరుక్కున్నది ఏ వైపు కదిలినా చాలు. కదలడం గుర్తొస్తే, తర్వాత మన మాట వింటుంది."

కదల్లేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూశాడు. ఆమె కళ్లు మూసుకుంది. రెండు చేతులూ ఒళ్లో గట్టిగా బిగించుకుని కూర్చున్నా, కుడి చేతి వేళ్లు మాత్రం కనపడని కీని పట్టుకున్నట్టు ముడుచుకుని మెల్లగా తిరుగుతున్నాయి. డిటెక్టివ్ అది చూశాడు. పని చేయనివ్వని చేతులు కూడా పని చేస్తూనే ఉన్నాయి. ఇంతటి మనిషిని రాత్రంతా బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్కటే ప్రశ్న వందసార్లు అడిగారు తన డిపార్టుమెంటువాళ్లు. ఆయనకి సిగ్గేసింది.

ఆమె కళ్లు తెరిచి మహిళా కానిస్టేబులు వైపు తిరిగింది. "అక్కా, నీ దగ్గర జుట్టు ఆరబెట్టుకునే మిషనుందా?"

"డ్రెస్సింగు రూములో ఉంది. ఎందుకు?"

"బయటి తొడుగు అల్యూమినియం, మర ఉక్కు. వేడి చేస్తే అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. మర చుట్టూ కాస్త చోటు దొరుకుతుంది."

స్టేషను చరిత్రలో మొదటిసారి ఒక సాక్ష్యానికి తల ఆరబెట్టారు. నాలుగు నిమిషాలపాటు మిషను హోరుమంది. తర్వాత డిటెక్టివ్ మళ్లీ బరువు వేసి, బిగించే వైపు నొక్కాడు. 'కిర్రు' మని సన్నటి చప్పుడు.

"అదీ!" అంది ఆమె కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చుంటూ. "కదిలింది. ఇప్పుడు విప్పే వైపు. పావు చుట్టు తిప్పి ఆగండి. మళ్లీ పావు."

మర బయటికి రాసాగింది. ఒక చుట్టు. రెండు. నాలుగు. ఇన్‌స్పెక్టరు తెలియకుండానే దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఆరో చుట్టులో ఆగండి. ఎడమ బొటనవేలు మర మీద అడ్డం పెట్టి, అప్పుడు తిప్పండి. లేకపోతే స్ప్రింగు ఎగిరి ఎటో పోతుంది."

డిటెక్టివ్ వేలు అడ్డం పెట్టాడు. చివరి చుట్టు తిరగగానే లోపల్నుంచి ఏదో వేలిని బలంగా తోసింది. రెండో చెయ్యి కూడా వేసి ఆపాల్సొచ్చింది.

ఆమె ముఖంలో రంగు మారింది. "ఎంత గట్టిగా తోస్తోంది సార్?"

"ఒక చేత్తో ఆగడం లేదమ్మా."

"నేను పెట్టిన స్ప్రింగయితే చిటికెన వేలితో ఆపొచ్చు."

మెల్లగా వదిలాడు. తెల్లగుడ్డ మీద మర, దాని వెనకే లావాటి తీగతో చుట్టిన నల్లని స్ప్రింగు జారి పడ్డాయి. మహిళా కానిస్టేబులు ఫోను దగ్గరగా పెట్టి వీడియో తీసింది. గడియారం పదకొండూ పదిహేడు.

"మూడు నిమిషాలు మిగిలాయి గురువుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి ఆ మాటలో వెటకారం లేదు. వంగి చూసి, "నా సర్వీసులో ఇలాంటిది చూళ్లేదు," అని, ఆమె వైపు తిరిగి ఒక క్షణం తటపటాయించి, "చాలా గొప్పగా చెప్పావమ్మా," అన్నాడు.

డిటెక్టివ్ మరని పట్టకారుతో ఎత్తి పట్టుకున్నాడు. "మర పళ్లు చెక్కుచెదరలేదు. అంటే పెట్టినప్పుడు సరైన కీతో, ఇబ్బంది లేకుండా పెట్టారు. అరగదీసింది తర్వాత. ఆదివారం తొమ్మిదిన్నర తర్వాత నీ పెట్టె ఎక్కడుంది?"

"పదింటిదాకా బల్ల మీదే, ఈ మార్కరూ అక్కడే. ఈలోపు పదకొండు మార్కర్లు పరీక్షించడానికి మైదానంలోకి వెళ్లా, గది తెరిచే ఉంది. తిరిగొచ్చి కీలన్నీ పెట్టెలో సర్ది తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకున్నా. ఇందాక మీకిచ్చేదాకా మెళ్లోనే ఉంది."

"సరిపోయింది. పదింటిలోపు ఎవరో నీ పెట్టెలోంచి సరైన కీ తీసుకుని ఈ స్ప్రింగు పెట్టారు. పదకొండూ పది తర్వాత దాన్ని తీసేసి పాతది పెట్టేయాలని చూశారు. అప్పటికి నీ పెట్టెకి తాళం. చేతికి దొరికిన వేరే కీ వాడారు. ఏ కీ అయ్యుంటుంది?"

ఆమె మర తలని కుర్చీలోంచే మెడ సాచి చూసింది. "ఇది అంగుళాల కొలత. దీంట్లో మూడు మిల్లీమీటర్ల కీ దూరుతుంది గాని కాస్త వదులు. బలంగా తిప్పితే ఇలాగే గుండ్రంగా అయిపోతుంది. మూడు మిల్లీమీటర్ల కీ అంటే... సైకిళ్లకి వాడతారు సార్."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "పదకొండూ పది నుంచి నువ్వొచ్చేదాకా మార్కర్ ఎక్కడుంది?"

"ఆఫీసు బీరువాలో. ఎవరూ ముట్టుకోకుండా కెప్టెన్ బావగారు పెట్టి తాళం వేశారు. ఆయనే మేనేజరు. అక్క మొగుడు. చాలా పెద్దమనిషి. తాళం తీసి నాకిచ్చింది కూడా..." ఇన్‌స్పెక్టరు మాట మింగేశాడు.

"గురువారం తిట్ల సంగతి నీకు చెప్పిందెవరు?"

"ఆయనే."

"పొద్దున ఆఫీసు వరండాలో ఒక సైకిలు చూశా. ఎవరిదని అడిగితే మేనేజరుగారిది, నిన్న ఆస్పత్రికి కార్లో వెళ్లారు గనక ఇక్కడే ఉండిపోయింది అన్నాడు వాచ్‌మన్." డిటెక్టివ్ ఆమె ముందుకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అమ్మా, నువ్విచ్చిన మాట గొప్పదే. కాని కెప్టెన్ ఆ మాట తీసుకున్నప్పుడు ఇలా జరుగుతుందని అనుకోలేదు. గురువారం తిన్నది ఎవరు, తిట్లు?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బావగారే సార్. కాలం తీరిపోయిన గాలి సిలిండర్లు తొమ్మిది, పనికిరావని ఎర్రగీత గీసి పక్కన పెట్టాను. ఆయన గీతలు తుడిపించి మళ్లీ ఆటకి పంపారు. ఒకటి పేలితే మనిషి మిగలడు. నేను పుస్తకం చూపించాను. కెప్టెన్ గారు మండిపడ్డారు. 'ఇంకోసారి ఈ సామాన్ల మీద చెయ్యేస్తే బావవని కూడా చూడను' అన్నారు. ఆదివారం ఆట అవగానే అందరి ముందూ చెప్పేస్తానన్నారు. ఆ లోపల అక్కతో తనే నెమ్మదిగా మాట్లాడాలట. అక్క తట్టుకోలేదు, అప్పటిదాకా నీ నోట ఈ మాట రాకూడదమ్మా అని నన్నడిగారు. రానివ్వలేదు."

"రాత్రంతా నిన్ను దోషి అంటుంటే కూడానా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆయన లేస్తే ఆయనే చెప్తారనుకున్నా."

డిటెక్టివ్ జేబులోంచి రుమాలు తీసి ఆమెకిచ్చాడు. ఎందరినో ప్రశ్నించాడు ఆయన. భయంతో నోరు మూసుకున్నవాళ్లని చూశాడు, లాభానికి మూసుకున్నవాళ్లని చూశాడు. ఇంకొకరి అక్క మనసు నొచ్చుకుంటుందని జైలుకి సిద్ధపడ్డ మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు లేచి, బల్ల మీదున్న అరెస్టు కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. "పేపరువాళ్లని రావద్దని చెప్పు," అన్నాడు కానిస్టేబులుతో. "ఆ మేనేజరు ఇప్పుడెక్కడున్నాడో కనుక్కో."

కనుక్కోవాల్సిన అవసరం లేకపోయింది. బల్ల మీద ఫోను మోగింది. ఆస్పత్రిలో కాపలా ఉన్న కానిస్టేబులు. ఇన్‌స్పెక్టరు స్పీకరు నొక్కాడు.

"సార్, శుభవార్త! కెప్టెన్ గారు కళ్లు తెరిచారు. గొంతు దెబ్బతింది కదా, మాట రావట్లేదు. ఏదో రాయాలని చేత్తో సైగ చేస్తున్నారు. కాగితం, పెన్ను తెమ్మని, డాక్టరుగారిని కూడా పిలుచుకు రమ్మని పంపించారు. కింద కౌంటరు దగ్గరికొచ్చా."

"ఎవరు పంపించారు?"

"వాళ్ల బావగారు సార్. నిన్నట్నుంచి పక్కనే కూర్చుని కంటికి రెప్పలా చూసుకుంటున్నారు, మహానుభావుడు."

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"గదిలో ఇంకెవరున్నారు?" డిటెక్టివ్ ఫోను మీదికి వంగి అరిచాడు.

"ఎవరూ లేరు సార్. ఆయనొక్కరే."

"పరిగెత్తు! కాగితం వదిలెయ్. ఫోను పెట్టెయ్యకు, గదిలోకి పరిగెత్తు!"

ఇన్‌స్పెక్టరు అప్పటికే టోపీ కూడా పెట్టుకోకుండా జీపు దగ్గరికి ఉరికాడు. ఫోనులో బూట్ల చప్పుడు మెట్లెక్కుతోంది. ఒక అంతస్తు. రెండో అంతస్తు. ఎవరినో తోసుకెళ్లిన చప్పుడు. తలుపు పిడి టకటకా ఆడింది, ఒకసారి, రెండుసార్లు.

కానిస్టేబులు గొంతు ఆయాసంతో వినబడింది.

"సార్... లోపల గడియ పెట్టుంది సార్."